ఆ స్టాపు పేరు

ఫిబ్రవరి 8, 1999

ఇవాళ మొదలు. ఈ ఊళ్ళో ఈ లిపి చదవగలిగినవాడు ఆదర్శ్ ఒక్కడే. మొగుడన్నవాడు పెళ్ళాం రాసింది ఎప్పుడు చదివాడు గనక! మేం అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు జయమ్మగారికి తెలుగు మాటలు వచ్చు, అక్షరాలు రావు. కనక ఎవరికీ జడవకుండా రాసుకోవచ్చు.

ఎరాల్ నాశనమైపోవాలి.

రాశాక కాస్త ఊపిరాడింది.

ఫిబ్రవరి 11

జరిగింది జరిగినట్టు ఒక్కచోటైనా ఉండాలి. పోలీసు కాగితంలో ఒకలా ఉంది, మేముండే షాల్‌క్రాస్ జనం నోళ్ళలో కూడా అలాగే ఉంది. రెండూ అబద్ధమే.

పోయిన నవంబరులో ఒక శుక్రవారం సాయంత్రం, డర్బన్‌లో ఆఫీసు అయ్యాక ఎరాల్ బస్సెక్కాను. బస్సు వాడిదే, నడిపేదీ వాడే. జయమ్మగారి గేటు ఎదురుగానే మా స్టాపు. దిగుతుంటే, నా కాలు ఒకటి రోడ్డు మీద, ఇంకోటి మెట్టు మీద ఉండగా వెనక ఇంకొకరి బస్సు హారన్ కొట్టింది. ముందు స్టాపులో జనాన్ని వాడెక్కడ ఎత్తుకుపోతాడో అని ఎరాల్ బండి లాగించేశాడు. నేను పడ్డాను. నాకప్పుడు అయిదో నెల.

ఆసుపత్రి సంగతి రాయను.

పోలీసులతో ఎరాల్ "ఆమే దూకింది" అన్నాడు. బస్సు నిండా ఉన్నవాళ్ళు చూడలేదన్నారు. వాళ్ళందరూ వాడికి మేనత్తలో, బాబాయిలో, కనీసం వీధివాళ్ళో. మేమేమో మొన్న మొన్న కాకినాడ నుంచి దిగినవాళ్ళం, వీసా మీద బతుకుతున్నవాళ్ళం. నా వైపు ఎవరు మాట్లాడతారు?

ఆసుపత్రిలో ఆదర్శ్ నా చెయ్యి పట్టుకుని మెల్లిగా అడిగాడు. "నువ్వేమీ తొందరపడి దిగలేదు కదా, హైమా?"

ఇప్పటిదాకా జవాబు చెప్పలేదు.

నేను ఇంటికొచ్చిన వారానికి ఎరాల్ ఆ బస్సును మా గేటు ఎదుటే ఆపి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కర్పూరం వెలిగించి, గుమ్మడికాయ కొట్టాడు. బస్సుకు దిష్టి తీశాడు! కిటికీలోంచి అంతా చూశాను. ఏమైందని ఆ బస్సుకి? జయమ్మగారు వెళ్ళి ప్రసాదం పొంగలి పట్టుకొచ్చారు. విసిరికొడదామనుకున్నాను. ఆకలేసి తినేశాను. ఆ తినడం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పుట్టకముందే పేరు అనుకోకూడదంటారు. మేమూ అనుకోలేదు. అదొక్కటి నయం.

ఫిబ్రవరి 19

ఎరాల్ బస్సు వస్తే ఎక్కను. వెనక వచ్చేది ఎక్కుతాను, అదీ రాకపోతే పెద్ద రోడ్డు నుంచి నడుస్తాను. ఇవాళ వానలో తడిసి వచ్చాను. జయమ్మగారు వంటింటి గుమ్మంలో నిలబడి తువ్వాలు ఇచ్చారు.

"హాయిబో! ఆడి బస్సు ఖాళీగానే పోయినాది. నువ్వు నడిచి వచ్చినాది. చెరువు మీద అలిగి ముడ్డి కడుక్కోకపోతే కంపు ఎవురికి, అమ్మీ?"

"మీరు ఆయన వైపా, జయమ్మగారూ?"

"గారు ఏంది గారు? పెద్దమ్మ అను. నేను ఎవుడి వైపు లేదు. నాకు ఆడు కొడుకు వరస, నువ్వు కూతురు వరస. జుట్టు తుడువు."

ఆవిడ తాతమ్మ ఏ ఊరి నుంచి ఓడెక్కిందో ఆవిడకే తెలియదు. సామెత మాత్రం ఓడలో చెడకుండా వచ్చింది.

మార్చి 2

ఆఫీసులో మ్యూరియెల్ పిలిచింది. మా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు పెద్ద తను. డర్బన్‌లోనే సిడెన్‌హామ్ పేట మనిషి. మ్యూరియెల్ నవ్విందంటే మనకు పని పెరిగిందని అర్థం. ఇవాళ బాగా నవ్వింది.

నగరం వాళ్ళు కొత్త పని ఇచ్చారు. సెల్‌ఫోనులో స్టాపు పేరు కొట్టి ఎస్సెమ్మెస్ పంపితే, తరువాత వచ్చే బస్సు ఎక్కడిదాకా వచ్చిందో వెంటనే జవాబు రావాలి. మొన్నటిదాకా ఇక్కడ ఒంటి రంగును బట్టి ఎవరి బస్సులు వాళ్ళవి. ఒకరి బస్సు సంగతి ఇంకొకరికి తెలియదు. ఇప్పుడు అందరికీ ఒకే ఫోను నంబరు అంటున్నారు. ప్రీపెయిడ్ ఫోన్లు కూరగాయల మార్కెట్లో కూడా మోగుతున్నాయి కదా.

"మొదటి ట్రయల్ షాల్‌క్రాస్ లైను మీద," అంది మ్యూరియెల్. "నువ్వు రోజూ ఆ బస్సుల్లోనే వస్తావుగా. డిజైన్ మొత్తం నీదే."

నోటు పుస్తకంలో షాల్‌క్రాస్ అని రెండుసార్లు రాసేశాను. సంతోషం వల్లే అనుకున్నాను.

మార్చి 9

బస్సు ఎక్కడుందో ఫోనుకెలా తెలుస్తుంది? ఇవాళ దారి దొరికింది. హాస్టలు రోజుల్లో క్షేమంగా చేరానని చెప్పడానికి పక్కింటివాళ్ళ ఫోనుకి రెండు రింగులిచ్చి కట్ చేసేదాన్ని. ఎత్తేవాళ్ళు కాదు, కానీ అమ్మకు కబురు అందేది. ప్రతి కండక్టరుకీ ఒక ఫోను ఇస్తాం. కొన్ని స్టాపులు దాటినప్పుడు ఆ స్టాపు నంబరుకు రింగిచ్చి కట్ చేస్తాడు. ఏ ఫోను, ఏ నంబరు అన్నది చూస్తే బస్సు ఎక్కడుందో మనకు తెలిసిపోతుంది. మ్యూరియెల్ బల్ల చరిచింది.

స్టాపు పేర్ల దగ్గర మాత్రం గొడవైంది. తను మునిసిపాలిటీ పేర్లు పెట్టమంటుంది. ఆ పేర్లు ఏ కండక్టరూ అరవడు, ఏ ముసలమ్మా అడగదు. ఒక స్టాపును అందరూ 'బ్లూ టీరూమ్' అంటారు. ఆ కొట్టుకు నీలం రంగు పోయి పదేళ్ళయిందట, అయినా అదే పేరు. మొక్కజొన్న కాల్చే జూలూ ఆవిడ కూడా అదే అంటుంది.

"జనం పిలిచేదే పేరు," అన్నాను. "ఆఫీసులో కూర్చుని పెట్టకూడదు, ఆఫీసులో కూర్చుని మార్చకూడదు."

"అయితే అదే రూలు. రాసి ఇయ్యి."

రాసి ఇచ్చాను. పైగా, బొటనవేలితో అంత పేరు కొట్టడం కష్టమని, మొదటి మాట కొట్టినా చాలనే ఏర్పాటు కూడా చేశాను. ఇవాళ చాలా రోజులకు అన్నం రుచిగా తిన్నాను.

మార్చి 16

ట్రయల్‌కు ఆరు బస్సులు ఒప్పుకున్నాయి. ఒకటి ఎరాల్‌ది.

మార్చి 17

ప్రోగ్రాములో ఒకే ఒక్క లైను రాశాను. ఎరాల్ బస్సు ఫోను నుంచి రింగు వస్తే వినిపించుకోకు, అని. ఇది పరీక్ష కోసం. ఒక బస్సు ఫోను చెడిపోతే మిగతాది ఎలా నడుస్తుందో చూడాలి కదా. ఏదో ఒక బస్సుతో చూడాలి.

ఏప్రిల్ 6

పేర్లు సేకరిస్తూ లైనంతా తిరిగాను. ప్రతి స్టాపులో నిలబడి, "దీన్నేమంటారు మీరు?" అని అడిగి రాసుకోవడం. మసీదు. సెకండ్ రోబో, అంటే రెండో ట్రాఫిక్ లైటు. టైర్ షాపు. జనం భలే ఉత్సాహంగా చెప్పారు. మా గేటు ఎదుటి స్టాపును చివరికి మిగుల్చుకున్నాను. మాకు ఆ స్టాపు 'ఇల్లు' అంతే. వేరే వాళ్ళేమంటారో ఎప్పుడూ వినలేదు.

అక్కడ కుట్టుపని ఫ్యాక్టరీకి వెళ్ళే ఒకావిడ నిలబడి ఉంది. నన్ను ఎరగదు.

"ఇదా? 'జంప్' అంటారు, మై గర్ల్. ఇండియా నుంచి వచ్చిన లేడీ ఒకామె కదిలే బస్సులోంచి దూకేసింది కదా. అప్పటి నుంచి జంప్. కండక్టర్లు కూడా అంతే అంటారు. నీకు తెలవదా?"

రాసుకున్నాను. పెన్సిలు విరగలేదు.

ఏప్రిల్ 7

నోటితో అన్న అబద్ధం స్టాపుకు పేరైపోయింది. నలుగురూ రోజూ అంటారు. రేపు పుట్టే పిల్లలు కూడా అంటారు. ఇప్పుడు దాన్ని ఫోనులోకి ఎక్కించవలసింది నేనే.

రూలు నాది. నా సంతకంతోనే ఉంది.

ఏప్రిల్ 8

పేర్ల పట్టికలో ఆ స్టాపు గడి ఖాళీగా ఉంచాను.

మే 3

ట్రయల్ మొదలైంది. అద్భుతంగా నడుస్తోంది! కూరల మార్కెట్ పక్క బస్సు స్టాండులో ఆడవాళ్ళు ఫోన్లు చూసుకుని, "ఇంకా మసీదు దగ్గరే ఉందట, టీ తాగొద్దాం పదండి," అనుకుంటున్నారు. విన్నాను. నా చెవులతో విన్నాను. ఏడుపొచ్చింది.

ఎరాల్ బస్సు మాత్రం ఏ ఫోనులోనూ రాదు. జనం ఫోనులో కనపడ్డ బస్సు కోసం నిలబడతారు, కనపడనిదాన్ని నమ్మరు. వాడు సగం సీట్లతో పోతున్నాడు. కండక్టరు కిస్టెన్ తలుపులో వేలాడుతూ గొంతు చించుకుంటున్నాడు. నా విషయంలో పోలీసుల ముందు కళ్ళు మూసుకున్నారు కదా, ఇప్పుడు వాడి బస్సు విషయంలో కూడా మూసుకోండి.

కుక్కకాటుకు చెప్పుదెబ్బ.

మే 15

ఎరాల్ వచ్చాడు. జయమ్మ పెద్దమ్మ వరండాలో కూర్చున్నాడు, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని. నేను వస్తే లేచి నిలబడ్డాడు. నవంబరు తరువాత వాణ్ణి ఇంత దగ్గరగా చూడడం ఇదే. కంటి కింద సంచులున్నాయి. బాగా అయిందనుకున్నాను.

"సిస్టర్, నా బస్సు ఫోన్లో రావట్లా. కిస్టెన్ రింగ్ ఇస్తానే ఉన్నాడు. ఆఫీసులో లేడీ అంది, చూసేది మీరేనని."

"ఫోను చెడిపోయి ఉంటుంది."

"కొత్త ఫోనే, సిస్టర్." వాడు నా వైపు కాదు, గేటు వైపు చూస్తున్నాడు. "మా నాన్న బస్సు అది. ఆ రోజుల్లో పర్మిట్ కోసం ఎంత తిరిగాడో. ఇప్పుడు కొత్త బోర్డు వస్తాది, జూలైలో అందరి పర్మిట్ మళ్ళీ చూస్తారు. సీట్లు ఖాళీ అంటే లైను వేరేవాడికి ఇస్తారు."

"నేను దూకలేదని చెప్పు," అన్నాను. "బస్సు నిండా జనం ఉన్నప్పుడు చెప్పు. అదే స్టాపులో."

వాడికి తేలు కుట్టినట్టయింది.

"అట్లా చెప్తే పర్మిట్ పోతాది కదా, సిస్టర్."

"నాది పోలేదా?"

పెద్దమ్మ టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. ఎవరమూ ముట్టుకోలేదు. వాడు వెళ్ళాక ఆవిడ రెండు కప్పులూ తనే తాగేసింది.

మే 21

మ్యూరియెల్ నా లైను కనిపెట్టేసింది. గదిలోకి పిలిచి తలుపేసింది. నవ్వలేదు.

"ఎందుకు అని అడగను. నాకు తెలుసు, ఊరంతటికీ తెలుసు. సోమవారానికి ఆ లైను ఉండకూడదు. లేదా నువ్వుండకూడదు." తలుపు తీస్తూ, "ఇంకోటి. ఆ ఒక్క స్టాపుకి పేరు లేదేంటి? ప్రారంభోత్సవానికి ముందు పెట్టు. రూలు నీదే," అంది.

మే 24

లైను తీసేశాను. గడి నింపాను.

ఎరాల్ డిడెంట్ స్టాప్.

ఎరాల్ ఆపలేదు! జరిగింది జరిగినట్టు, పేరుకున్న అక్షరాల గడుల్లో సరిగ్గా సరిపోయింది. ఒక్క అబద్ధపు అక్షరం లేదు. "జనం ఇలా అంటారా?" అని మ్యూరియెల్ అడిగితే, "అంటారు," అన్నాను. తను నా మొహం చాలాసేపు చూసి సంతకం పెట్టింది.

అనకపోతే అంటారు. నేను అనిపిస్తాను.

జూన్ 2

ఓట్ల రోజు, సెలవు. పెద్దమ్మ స్కూలు దగ్గర వరసలో నిలబడి వచ్చింది. "పోయినసారి నిలబడినప్పుడు ఏడ్చినాను. ఈసారి కాళ్ళే నొప్పి," అంది. మాకు ఓటు లేదు. రోజంతా ఇంట్లో కూర్చుని ప్రారంభోత్సవం కోసం ఎదురుచూశాను.

జూన్ 14

ప్రారంభోత్సవం అయింది. కౌన్సిలర్లు వచ్చారు, సమోసాలు అయిపోయాయి.

జూన్ 18

నవ్వు ఆగట్లేదు. నవంబరు నుంచి ఇలా నవ్వలేదు.

ఇవాళ కావాలనే వాడి బస్సే ఎక్కాను. స్టాపు దగ్గర పడుతుండగా ఎవరి ఫోనో మోగింది. ఆమె పైకి చదివింది. బస్సంతా గొల్లుమంది. వెనక సీట్లోంచి ఒకతను, "కిస్టెన్! ఎరాల్ డిడెంట్ స్టాప్ దగ్గర స్టాప్ చేస్తాడా ఎరాల్?" అని అరిచాడు. మళ్ళీ గొల్లు. వాడు అద్దంలోంచి నన్ను చూశాడు. మెడ వెనక ఎర్రబడింది. బ్రేకు ఎంత మెల్లిగా వేశాడంటే పాలగిన్నె పెట్టినా తొణకదు. నేను తీరిగ్గా, ఒక్కో మెట్టూ, మహారాణిలా దిగాను. రెండు కాళ్ళూ నేల మీద ఆనాక కూడా కాసేపు తలుపు పట్టుకుని నిలబడ్డాను. కదల్లేదు వాడు. కదలడానికి దమ్మేదీ?

జూన్ 29

రోజూ వాడి బస్సే ఎక్కుతున్నాను.

జులై 5

'జంప్' అన్న మాట ఎక్కడా వినపడట్లేదు. గెలిచాను.

ఆదర్శ్‌కి చెప్పాను. రిఫైనరీలో డ్యూటీ నుంచి అలసిపోయి వచ్చి బూట్లు విప్పుతున్నాడు. "ఇంక వదిలెయ్యి హైమా, పాపం," అన్నాడు. ఎవరు పాపం? అడగలేదు. ఇంట్లో అడగని ప్రశ్నలు గుట్ట పడుతున్నాయి.

జులై 18

పొడుగ్గా రాయాలి ఇవాళ.

గంగమ్మకు గంజి పోసే ఆదివారం. ఏటా ఎరాల్ తన బస్సులో వీధి జనాన్ని గుడికి ఊరికే తీసుకెళ్తాడట. వాళ్ళ నాన్న నాటి నుంచీ ఉన్న ఆనవాయితీ. పెద్దమ్మ పసుపుబట్ట కట్టుకుని నన్నూ ఆదర్శ్‌నీ లాక్కెళ్ళింది. బస్సు మా గేటు ఎదుటే ఆగి ఉంది. ఇత్తడి చెంబులు, వేపాకు, జనం కిటకిటలాడుతున్నారు.

ఎరాల్ ఇంజను ఆపేశాడు. సీట్లోంచి లేచి, వెళ్ళి ఆ మెట్టు మీద నిలబడ్డాడు. అదే మెట్టు.

"అందరూ వినండి," అన్నాడు. "అమ్మ దగ్గరికి పోయే ముందు చెప్పాలి. పోయిన నవంబరు హైమా సిస్టర్ దూకలేదు. ఆమె కాలు ఇంకా ఇక్కడే ఉండింది. వెనక బస్సు వస్తా ఉందని నేను లాగినాను. పోలీసుకి అబద్ధం చెప్పినాను. ఆమె బేబీ పోయింది నా వల్ల."

నేను ఎదురుచూసిన మాట, అక్షరం పొల్లుపోకుండా. ఎనిమిది నెలలుగా ఈ క్షణాన్ని ఎన్ని రకాలుగా ఊహించుకున్నానో. వాడి మొహం ఎలా ఉంటుందో, నేనేమంటానో.

వాడు ఏడుపు మొదలుపెట్టాడు. మగవాడు, అంత మనిషి, వెక్కి వెక్కి. అంతే! ముందు సీటు ఆవిడ లేచి వాడి వీపు నిమిరింది. "ఎంత మనసురా నీది, అందరి ముందర ఒప్పుకున్నావ్," అంది. ఇంకొకావిడ నీళ్ళ సీసా ఇచ్చింది. ఎవరో "షేమ్, ఎరాల్, షేమ్" అన్నారు. ఇక్కడ అది తిట్టు కాదు, అయ్యో పాపం అని. పెద్దమ్మ కూడా కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఏడ్చింది వాడు. ఓదార్చింది వాణ్ణి. నా వైపు చూసినవాళ్ళు, ఇంక నేనేదో అనాలన్నట్టు, క్షమించేశానని చెప్పాలన్నట్టు చూశారు. నేను కిటికీ వైపు తిరిగాను. నాదే రాతిగుండె అయింది.

గుడి నుంచి వచ్చాక ఆదర్శ్ అన్నాడు. "నాకు తెలుసు హైమా, నువ్వు దూకలేదని."

"తెలిస్తే ఆసుపత్రిలో ఎందుకడిగావు?"

"నువ్వు కాదంటావని. కాదని నీ నోటితో వినాలని."

అది కూడా నిజమేనేమో. నేను ఒక్కమాట అని ఉంటే సరిపోయేదేమో. ఒక్కమాట కూడా అనలేని విధంగా ఎందుకడిగాడు మరి?

జులై 30

వాడి పర్మిట్‌కి ఏమీ కాలేదు. సీట్లు నిండాయి కదా, నా ఫోను పుణ్యమా అని. లైను వాడికే ఉంచారు.

ఆగస్టు 12

ఇవాళ కిస్టెన్ స్టాపు పేరు అరిచాడు. "ఎరాల్స్! ఎరాల్స్ దిగేది ఎవరు?"

అంతే. మిగతా రెండు మాటలూ పోయి, ఎరాల్‌ది అని మిగిలింది. 

మొదటి మాట కొడితే చాలని ఏర్పాటు చేసింది నేనే కదా. జనం 'ఎరాల్' అని కొడుతున్నారు, ఫోను జవాబిస్తోంది. అంత పొడుగు పేరు ఎవరు కొడతారు? ఆఫీసులో మెసేజిల చిట్టా చూశాను, ఈ నెలలో పూర్తి పేరు ఒక్కరూ కొట్టలేదు.

ఆగస్టు 13

మ్యూరియెల్ దగ్గరికి వెళ్ళాను. ఆ పేరు తీసేస్తానన్నాను. గేటు అని పెడతాను, పసుపు గోడ అని పెడతాను, ఏదైనా సరే.

తను ఫైలు తీసి నా కాగితం నా ముందు పెట్టింది. జనం పిలిచేదే పేరు. ఆఫీసులో కూర్చుని మార్చకూడదు. 

"మార్చినా వాళ్ళు అదే కొడతారు, హైమా," అంది మెల్లిగా. మ్యూరియెల్ మెల్లిగా మాట్లాడడం వినడం ఇదే మొదటిసారి.

ఆగస్టు 20

పెద్దమ్మ ఫోనులో ఎవరికో ఇంటి గుర్తులు చెబుతోంది. "ఎరాల్స్ దగ్గర దిగు, ఎదురుగా గేటు." కొత్తగా వచ్చినవాళ్ళు ఎరాల్ అంటే ఎవరో మంచి మనిషి, ఊరికి ఏదో మేలు చేసి ఉంటాడు, అందుకే పేరు పెట్టారు అనుకుంటారు. వాడు కూడా ఇప్పుడు ఆ స్టాపు రాగానే కాలరు సర్దుకుంటున్నాడు. 

నాశనమైపోవాలని రాశాను. వాడికి ఒక చోటు రాసిచ్చాను. నా చోటే.

సెప్టెంబరు 3

ఫిబ్రవరిలో ఇక్కడ ఒక అబద్ధం రాశాను. బిడ్డకు పేరు అనుకోలేదని. అనుకున్నాను. ఆదర్శ్‌కి కూడా చెప్పలేదు. పుట్టకముందు పైకి అంటే దిష్టి తగులుతుందని, సాయంత్రాలు బస్సులో కిటికీ పక్క కూర్చుని నాలో నేనే పిలుచుకునేదాన్ని. ఆ శుక్రవారం కూడా పిలిచాను, లేచి మెట్టు దగ్గరికి వస్తూ.

ఆ గడి ఖాళీగా ఉన్నన్నాళ్ళూ నా చేతిలోనే ఉంది. ఏం పెట్టినా జనం అనేవాళ్ళు. పొద్దున్నా సాయంత్రం, అందరూ, నవ్వుతూ, విసుక్కుంటూ, తోసుకుంటూ అనేవాళ్ళు. కిస్టెన్ గొంతు చించుకుని పిలిచేవాడు. ఆ పేరు పెట్టాలని నాకు తట్టనే లేదు. ఎరాల్ తప్ప ఇంకేమీ తట్టలేదు.

ఇక్కడ కూడా రాయను ఆ పేరు.

సెప్టెంబరు 6

కిస్టెన్ నా సీటు దగ్గరికి వచ్చి, "ఎరాల్స్ కదా, ఆంటీ?" అన్నాడు. బస్సు ఆగింది, ఎరాల్ అద్దంలోంచి చూస్తూ చాలాసేపు ఆపాడు. నేను లేవలేదు. తరువాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాను.